పాట గుర్తుంది, ఆట మరిచిపోయాం: సుద్దాల హనుమంతు

పల్లెటూరి పిల్లగాడ పాట తెలియని ఉద్యమకారులు తెలంగాణలో అరుదు. హాస్టల్ గదుల్లో, ధర్నా టెంట్ల కింద, వర్ధంతి సభల్లో ఎవరో ఒకరు దాన్ని అందుకుంటారు. పాట మొదలైతే సభ నిశ్శబ్దమవుతుంది. నేను డిగ్రీ చదివే రోజుల్లో దాన్ని సినిమా పాట అనే అనుకునేవాణ్ణి. 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో వచ్చిన మా భూమి సినిమాలో ఆ పాట ఉంది కాబట్టి చాలామందికి అది అక్కడే పుట్టినట్టు అనిపిస్తుంది. కానీ సినిమా కంటే దాదాపు ముప్పై ఏళ్ల ముందే, నల్లగొండ ఊళ్లలో సంఘం సభల కోసం ఆ పాట కట్టింది సుద్దాల హనుమంతు.

ఆయన్ను ఇవాళ పాటల రచయితగా, ప్రజాకవిగా తలుచుకుంటున్నాం. అది నిజమే కానీ సగం నిజం. హనుమంతు పాట రాసి ఊరుకున్న మనిషి కాదు. దళాన్ని కూర్చి, ఎవరికి ఏ వేషమో తేల్చి, ఎక్కడ పాట ఆపాలో ఎక్కడ మాట అందుకోవాలో చూసుకుని, తాను కూడా గజ్జెకట్టి జనం మధ్య నిలబడిన మనిషి. పట్నంలో అయితే ఆ పని చేసేవాణ్ణి నాటక దర్శకుడు అంటారు. ఊళ్లో ఆ మాట లేదు, మేళం పెద్ద అంటారు. తెర, రంగస్థలం, టికెట్టు లేని ఆ నాటకాన్ని మనం నాటకంగా లెక్కపెట్టలేదు. అందుకే హనుమంతు పాట మిగిలి, ఆట పక్కకు పోయింది. ఆ ఆట గురించి దళిత బహుజన విద్యార్థులు ప్రత్యేకంగా ఆలోచించాల్సిన కారణం ఉందని నా అభిప్రాయం.

మగ్గం ఇంటి పిల్లవాడు

హనుమంతు 1910 ప్రాంతంలో అప్పటి నల్లగొండ జిల్లా మోత్కూరు దగ్గరి పాలడుగులో, ఒక పేద పద్మశాలి కుటుంబంలో పుట్టాడు. ఇంటిపేరు గుర్రం. తర్వాత కాలంలో గుండాల దగ్గరి సుద్దాలలో స్థిరపడటంతో ఆ ఊరే ఆయనకు ఇంటిపేరయ్యింది.

ఆయన పిల్లవాడిగా ఉన్న రోజుల్లో ఊరికి వినోదమంటే హరికథ, యక్షగానం, చిరుతల భజన, బొమ్మలాట. రాత్రి భోజనాలయ్యాక మొదలైన భాగోతం కోడి కూసేదాకా సాగేది. ఇవాళ్టి పిల్లలు సినిమా మీద ఎంత మోజు పడతారో, ఆ కాలం పిల్లలు భాగోతం మీద అంత మోజు పడేవాళ్లు. హనుమంతుకూ చిన్ననాడే హరికథ, యక్షగానాల పిచ్చి పట్టుకుంది. ఆ పిచ్చి ఆయన్ను చివరిదాకా వదల్లేదు.

అయితే ఆ వినోదానికీ కులం ఉంది. తెలంగాణ ఊళ్లో ఏ కులానికి కథ చెప్పే ఆశ్రిత కులం ఆ కులానికి ఉంటుంది. మాదిగలకు చిందు వాళ్లు, డక్కలి వాళ్లు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్లు, విద్యలు ప్రదర్శించే సాధనాశూరులు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పేవాళ్లు వేరు. చాకళ్లకు పటం కథ విప్పేవాళ్లు వేరు. ఎవరి ఇంటి ముందు ఎవరు ఆడాలి, ఎవరి దగ్గర ఎంత కట్నం అడగాలి అన్నది ముందే తేలిపోయిన లెక్క. చిందు కళాకారుడు ఎంత గొప్పగా ఆడినా ఊరు అతణ్ణి కూర్చోబెట్టేది మాదిగవాడ అంచునే. వేషం వేసినప్పుడు దేవుడు, వేషం తీయగానే అంటరానివాడు. కళకు చప్పట్లు కొట్టిన చేతులే కళాకారుణ్ణి దూరం పెట్టేవి.

హనుమంతు పెరిగిన లోకం ఇది. ఆ లోకంలో నేతపని ఇంటి పిల్లవాడు గొల్లసుద్దుల వేషం కట్టడం చిన్న విషయం కాదు.

పట్నం, ఆర్యసమాజం, సంఘం

బతుకుదెరువు కోసం హనుమంతు హైదరాబాదు చేరి వ్యవసాయ శాఖలో చిన్న ఉద్యోగం చేశాడు. అక్కడే ఆర్యసమాజం ప్రభావం ఆయన మీద పడింది. అప్పటి హైదరాబాదులో రాజకీయ సభ పెట్టడం తేలిక కాదు. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద సభలకు సర్కారు అనుమతి తప్పనిసరి. అందుకే భజన, హరికథ, గ్రంథాలయం, వార్షికోత్సవం వంటి ముసుగుల కింద జనం కలిసేవాళ్లు.

ఈ దారిని మొదట వేసినవాళ్లలో దళితులున్నారని మనం గుర్తుంచుకోవాలి. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టినప్పుడు హైదరాబాదు మాల, మాదిగ బస్తీల్లో జనాన్ని పోగుచేసిన సాధనాల్లో హరికథ ఒకటి. చదువు రాని చోట పుస్తకం పనిచేయదని, కథ చెబితే జనం కూర్చుంటారని ఆయనకు తెలుసు. జోగిని దురాచారం మీద, తాగుడు మీద ఆయన చేసిన ప్రచారం బస్తీ ముంగిళ్లలోనే సాగింది. కళతో జనాన్ని కదిలించడం కమ్యూనిస్టులు తెలంగాణకు తెచ్చిన కొత్త విద్య అన్నట్టు కొందరు రాస్తారు. వాళ్లకంటే మూడు దశాబ్దాల ముందే దళిత ఉద్యమం ఆ పని చేసి చూపించింది.

హనుమంతు మాత్రం ఊరి వైపు తిరిగాడు. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ పద్నాలుగేళ్లలో చాలా మారింది. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన సభతో అది వకీళ్ల, చదువుకున్నవాళ్ల సభ కాకుండా పోయింది. సభ్యత్వ రుసుము అణాకు తగ్గింది. అణా సంఘం, చీటీల సంఘం అని ఊళ్లు దాన్ని పిలుచుకున్నాయి. కూలివాడు, జీతగాడు కూడా చీటీ రాయించుకోగలిగాడు. సుద్దాలలోనూ సంఘం లేచింది, హనుమంతు అందులో పనిచేశాడు. వెట్టికి ఎదురు తిరగాలని చెప్పడానికి ఉపన్యాసం కంటే ఆట బాగా పనిచేస్తుందని ఆయన గ్రహించాడు.

వెట్టి అందరి మీదా ఒకేలా లేదు. మాదిగలు చెప్పులు, తోలు సామాను ఊరికే ఇవ్వాలి, దొర కబురు మోయాలి, డప్పు కొట్టాలి. చాకలి బట్టలు ఉతకాలి, వచ్చిన అధికారికి నీళ్లు తోడాలి. కుమ్మరి కుండలివ్వాలి, గొల్ల గొర్రె ఇవ్వాలి, సాలె బట్ట ఇవ్వాలి. గడీ ముందు అందరూ వంగారు కానీ అందరూ ఒకే మెట్టు మీద నిలబడి వంగలేదు. హనుమంతు తన కులం బాధ ఒక్కటే చెప్పి ఆగి ఉంటే ఆయన ఆట సాలెవాడ దాటేది కాదు. ఆయన అన్ని వాడల బాధనూ ఒకే ఆటలోకి తెచ్చే రూపం కోసం వెతికాడు.

భుజాన గొంగడి

ఆ రూపం ఆయనకు గొల్లసుద్దుల్లో దొరికింది. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. ఒకడు కథ నడిపిస్తాడు, పక్కవాళ్లు వంత పాడతారు, మధ్యలో ఆపి ప్రశ్న వేస్తారు, తెలియనట్టు నటిస్తారు, నవ్విస్తారు. సామాను అక్కర్లేదు, మేకప్ అక్కర్లేదు. పోలీసు వస్తే గొంగడి కప్పుకుని మందలో కలిసిపోవచ్చు. ఊరి బొడ్రాయి దగ్గరైనా, కళ్లం మీదైనా, మర్రిచెట్టు కిందైనా ఆడవచ్చు.

ఈ రూపంలో ఉన్న అసలు బలం ఆ ప్రశ్న వేసే పాత్రలో ఉంది. సంఘం అంటే ఏమిటి, దొరను ఎదిరిస్తే ఏమవుతుంది, భూమి ఎవరిది అని సభలో కూర్చున్న కూలివాడు నోరు తెరిచి అడగలేడు. గడీ మనుషులు చూస్తుంటారు. వేషం వేసుకున్న అమాయకుడు అతని తరఫున అడుగుతాడు. జవాబు కూడా వెంటనే రాదు. ముందు నవ్వు వస్తుంది, నవ్వులో భయం కొంచెం కరుగుతుంది, ఆ తర్వాత జవాబు వస్తుంది. ఏది ముందు ఏది తర్వాత అన్న ఈ వరసను పట్టుకోవడమే దర్శకుడి పని. బుర్రకథలోనూ ఇదే సూత్రం ఉంది. కథకుడికి ఒక పక్కన రాజకీయం చెప్పే వంత, ఇంకో పక్కన హాస్యం చెప్పే వంత. హనుమంతు బుర్రకథ చెప్పాడు, వీర తెలంగాణ యక్షగానం కట్టాడు, ఫకీరు వేషం లాంటి పగటి వేషాలనూ ప్రచారానికి వాడుకున్నాడు. చిన్ననాడు తెల్లవార్లూ చూసిన ఆటలన్నీ ఆయనకు పనిముట్లయ్యాయి.

ఇదే సమయంలో కోస్తాలో ప్రజానాట్యమండలి పెద్ద ఎత్తున పనిచేస్తున్నది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన మా భూమి నాటకం 1947లో వచ్చి, తెలంగాణ పోరాట కథను ఆంధ్ర ఊళ్లన్నిటికీ చేర్చింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించేంతగా ఆ నాటకం కదిలించింది. గరికపాటి రాజారావు లాంటి దర్శకుల పేర్లు నాటక చరిత్రలో భద్రంగా ఉన్నాయి. ఉండాల్సిందే. కానీ ఆ నాటకంలో కథగా మారిన నేల మీద, గడీకి కూతవేటు దూరంలో, నిజాం పోలీసు, రజాకార్ల భయం మధ్య ఆట ఆడించినవాళ్ల పేర్లు ఆ చరిత్రలో ఎక్కడున్నాయి? వాళ్లను జానపద కళాకారులు అనే గంపలో వేసి పక్కన పెట్టేశారు. వేదిక మీద ఆడితే నాటకం, నేల మీద ఆడితే జానపదం అన్న ఈ విభజనలో కులం లేదని అనగలమా?

1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశముఖ్ మనుషుల తుపాకీ గుండుకు దొడ్డి కొమురయ్య నేలకూలాడు. కురుమ బిడ్డ. గొంగడి కప్పుకునే కులాల మనిషి పోరాటానికి తొలి అమరుడయ్యాడు. ఆ తర్వాత గొంగడి కప్పుకుని ఊరి మధ్యకు వచ్చిన ఆటగాడి వేషం జనానికి ఎలా కనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. అది ఇక ఒక కులం కట్నం అడిగే వేషం కాదు. సాలె వేసుకున్నా, మాదిగ వేసుకున్నా, చాకలి వేసుకున్నా చెల్లే వేషం. కులం చొప్పున పంచి ఇచ్చిన కళను ఏ కులం వాడైనా ఆడవచ్చునని హనుమంతు, ఆయన తోటి కళాకారులు చేసి చూపించారు. అంబేడ్కర్ చదివిన మన తరం దీన్ని కేవలం ప్రచార పద్ధతిగా కాకుండా, కులవృత్తి కట్టడిని ఒక చోట తెంచిన పనిగా చూడాలి.

జవాబు చెప్పని పిల్లగాడు

ఇప్పుడు మళ్లీ ఆ పాట దగ్గరికి వద్దాం. దాన్ని కవిత్వంగా కాక ఆటగా చూడండి. పాటలో ముందుగా వేషం ఉంది. కొలతకు సరిపోని చిరిగిన అంగీ, చలికి తల మీద గోనె. తర్వాత కాళ్లు. చెప్పులు కొనే స్తోమత లేక తాటిమట్టతో చేసుకున్న జోడు, దాంతో వచ్చే తడబాటు నడక, దారి నిండా ముళ్లు. తర్వాత చోటు. మంద ఎటు పోయింది, పిల్లవాడు ఎక్కడ కూర్చున్నాడు. తర్వాత గొడవ. కంచె దాటిన పశువు, దానికి దెబ్బలు తిన్న పిల్లవాడు. చివరికి జీతం. నెలకు కొలిచిచ్చే గింజల్లో తాలు, ఆ కొలతలోనూ కోత. నటుడికి ఏ బట్ట కట్టాలో, ఎలా నడవాలో, ఎక్కడ కూర్చోవాలో చెప్పే దర్శకుడి కన్ను ఇందులో అడుగడుగునా కనబడుతుంది. దీన్ని పాడితే చాలు, వేదిక మీద ఎవరూ లేకపోయినా ఆ పిల్లవాడు ఎదురుగా నిలబడతాడు.

ఇంకో విషయం ఉంది. పాటంతా ప్రశ్నలే. పాడేవాడు అడుగుతూ పోతాడు, పిల్లవాడు ఒక్క మాట కూడా మాట్లాడడు. గొల్లసుద్దుల్లో ప్రశ్నకు వంతవాడు జవాబిస్తాడు. ఇక్కడ జవాబు చెప్పాల్సింది కింద కూర్చున్న జనం. ఆ జనంలో ఎంతమంది అదే వయసులో దొర పశువులు కాసినవాళ్లు ఉంటారో లెక్కలేదు. పాట అయిపోయేసరికి వాళ్ల కళ్లలోని నీళ్లే జవాబు.

అయితే ఒక పరిశోధకుడిగా, ఈ వాడల్లోంచి వచ్చినవాడిగా నాకు ఒక వెలితి కనిపిస్తుంది. ఆ పిల్లగాడికి పాటలో కులం లేదు. నల్లగొండ, పాలమూరు ఊళ్లలో తండ్రి అప్పు కింద జీతానికి కుదిరిన పిల్లల్లో ఎక్కువమంది ఏ వాడల వాళ్లో ఊరికి తెలుసు. దొర పశువును తాకవచ్చు కానీ దొర మంచినీళ్ల కుండను తాకరాని పిల్లవాడి బాధ, జీతం తక్కువైన పిల్లవాడి బాధ ఒకటి కావు. ఆకలి ఇద్దరిదీ ఒకటే అయినా అవమానం ఒకటి కాదు. ఆనాటి ఉద్యమ భాషలో పేద, ధనిక అన్న మాటలే ఉన్నాయి. హనుమంతు ఆ భాషలోనే రాశాడు. దీన్ని ఆయన తప్పుగా చెప్పడం లేదు. ఆయన అడిగి వదిలేసిన ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన పని ఆ పిల్లగాడి మనవలదని చెబుతున్నాను.

పోరాటం ఆగాక

1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. నిజాం పోయాడు కానీ దొరలు సైన్యం వెనకే ఊళ్లలోకి తిరిగి వచ్చారు. పేదలు దున్నుకున్న భూములు చాలాచోట్ల చేజారాయి. 1951 అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించారు. మరుసటి ఏడు ఎన్నికల్లో నల్లగొండ పేరు దేశమంతా మారుమోగింది. రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయని ఇప్పటికీ చెప్పుకుంటాం. అప్పుడు నల్లగొండ ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. రెండో సభ్యుడిగా, ఎస్సీ స్థానం నుంచి పీడీఎఫ్ తరఫున గెలిచింది సుంకం అచ్చాలు. ఆ పేరు మనలో ఎంతమందికి తెలుసు? మరిచిపోవడానికి కూడా ఒక వరస ఉంటుంది. ఆ వరసలో ముందు పోయేది దళితుల పేర్లే.

హనుమంతు పేరు కూడా చాలాకాలం ఆ వరసలోనే ఉండింది. పోరాటం తర్వాత ఆయన సుద్దాలలో భార్య జానకమ్మతో, పిల్లలతో పేదరికంలోనే బతికాడు. పోరాటాన్ని నడిపినవాళ్లలో కొందరు చట్టసభలకు వెళ్లారు. ఆట ఆడినవాళ్లు ఊళ్లోనే ఉండిపోయారు. 1979లో బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన మా భూమి సినిమా వచ్చినప్పుడు ఆయన పాట కొత్త తరం చెవిన పడింది. అదే సినిమాలో గద్దర్ బండెనక బండి కట్టి పాటతో తెర మీద కనిపించాడు. ఊరి నడుమ గొంగడి కప్పుకుని మొదలైన ఆట సినిమా హాలు దాకా వచ్చింది. మూడేళ్లకే, 1982 అక్టోబరు 10న, హనుమంతు క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

ఆయన పాటలు చెదిరిపోకుండా జయధీర్ తిరుమలరావు లాంటి పరిశోధకులు సేకరించారు. కొడుకు అశోక్ తేజ బడిపంతులుగా మొదలై సినిమా పాటల రచయితగా పేరు తెచ్చుకుని, ఠాగూర్ సినిమా పాటకు జాతీయ పురస్కారం అందుకున్నాడు. తల్లిదండ్రుల పేరు మీద పురస్కారం నెలకొల్పాడు. గొంగడి, గజ్జె, కర్రతో ఆడే ఆటను గద్దర్, జననాట్యమండలి ఇంకో మలుపు తిప్పారు. పాలమూరు గౌరారం నుంచి వచ్చిన గోరటి వెంకన్న పాటలో, తెలంగాణ ఉద్యమంలో ఊరూరా సాగిన ధూంధాంలో ఆ ఆటపాట కొనసాగింది. ఇవాళ ఏ పార్టీ సభలోనైనా గొంగడి వేసుకుని పాడే కళాకారుడు కనిపిస్తాడు. ఆ గొంగడిని సభ మధ్యకు తెచ్చినవాళ్లలో హనుమంతు ముందువరసలో ఉన్నాడని అతనికి తెలిసి ఉండాలి.

మనం చేయగలిగింది

ఒక లెక్క మాత్రం ఇంకా తీరలేదు. ఉద్యమాలు చిందు, డక్కలి, గొల్లసుద్దులు, పిచ్చకుంట్ల కళారూపాలను తీసుకున్నాయి. వాటితో ఊళ్లను గెలిచాయి. ఆ కళలను తరతరాలుగా బతికించిన ఆశ్రిత కులాలు మాత్రం ఇప్పటికీ కులధ్రువీకరణ పత్రం కోసం, ఇంటి జాగా కోసం, పిల్లల బడి కోసం తిరుగుతూనే ఉన్నాయి. హనుమంతు తన కులానిది కాని వేషం కట్టుకుని ఆ కళను అందరిదీ చేశాడు. కళ అందరిదీ అయినప్పుడు కళాకారుడి బాధ్యత కూడా అందరిదీ కావాలి. ఆ రెండో సగం పని జరగలేదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చదువుకుంటున్న విద్యార్థులకు నా విన్నపం ఒకటే. మీ ఊళ్లో సంఘం రోజుల ఆట చూసిన ముసలమ్మలు, ముసలయ్యలు ఇంకా ఎవరైనా ఉంటే వాళ్ల దగ్గర కూర్చోండి. పాట ఎవరు రాశారన్నది మాత్రమే అడగకండి. డప్పు కొట్టింది ఎవరు, వంత పాడింది ఎవరు, ఆ రాత్రి దళానికి అన్నం పెట్టింది ఏ వాడ, ఏ వాడ వాళ్లు ఎక్కడ కూర్చుని చూశారు అని కూడా అడగండి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. హనుమంతు పేరు ఎలాగో మిగిలింది. ఆయన పక్కన గజ్జెకట్టినవాళ్ల పేర్లు ఆ ముసలివాళ్లతోనే పోకముందు రాసుకోవాలి.